బూడిదతో తోమిన చేపలు

ఫిజీ దీవుల్లో ఏరు సముద్రంలో కలిసే మొగల్లో, మడ చెట్ల వేళ్ల సందుల్లో, పగడపు దిబ్బకి లోపల ఉన్న నిమ్మళమైన నీళ్లలో బతికే చిన్న చేపలన్నిటినీ మొట్టమొదట పట్టి లెక్కబెట్టినవాణ్ణి నేనే. వేలెడంత చేప, గోరంత చేప, ఉన్నా కనబడని చేప, అన్నీ కలిపి నూట నలభై మూడు రకాలు. ఒక్కొక్కదానికీ తెలుగులో పేరు రాసి సీసాలో వేశాను. ఆ సీసాలు ఇప్పుడు ఏ దేశంలో ఏ బీరువాలో ఉన్నాయో గాని, అవి ఉన్నచోట నా దస్తూరీ కూడా ఉంటుంది. మా వాయిలేవులో చెరకు నరికే కుర్రాళ్లకి ఈ సంగతి మొదలుపెడితే చాలు, "తాతకి మళ్లీ చేపలు గుర్తొచ్చాయి" అని లేచి నంగోనా అనే మత్తు వేరు రసం తాగే గిన్నె దగ్గరికి పోతారు. మీరు పోకండి. కూర్చోండి.

నేను లంబాసా వచ్చింది గిర్మిట్ మీద. గిర్మిట్ అంటే ఐదేళ్ల ఒప్పందం. కంపెనీ చూపించిన తోటలో, చెప్పిన పని, చెప్పినంత చేయాలి. మద్రాసులో ఓడ ఎక్కేముందు అందరూ ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తే నేను మాత్రం నా పేరు రాశాను, జగన్నాథం అని, గుండ్రంగా. వీధిబడిలో ఇసుకలో దిద్దిన చేయి కదా. వాళ్లంతా ఊరికే మోసపోయారు, నేను సంతకం పెట్టి మరీ మోసపోయాను. మాది శ్రీకాకుళం వైపు ఒక మెట్ట ఊరు. సముద్రం ఒక పూట నడక. ఆ పూట నేను ఎప్పుడూ నడవలేదు.

అదే ఓడలో మునియమ్మ వచ్చింది. ఆమెది నెల్లూరు జిల్లా చివర, పులికాటు ఉప్పు చెరువులో ఒక దీవి. ఓడలో కలిసి వచ్చినవాళ్లు ఇక్కడ తోడబుట్టినవాళ్లతో సమానం, కాబట్టి నన్ను అన్నా అని పిలిచేది. పాప కడుపులో ఉండగానే ఆమె మగడు జ్వరం వచ్చి పోయాడు. పాప పుట్టింది. చంద్రవతి అని పేరు పెట్టింది. నేను చెప్పే సంగతి జరిగిన నాటికి ఆ పాపకి నాలుగో నెల, మా ఇద్దరి గిర్మిట్‌కీ ఇంక నాలుగు నెలలు.

తోటలో ఆడవాళ్లకి కలుపు పని. పసిబిడ్డల తల్లులు బిడ్డని గట్టున ఉన్న రెల్లు పాకలో ఒక ముసలమ్మకి అప్పజెప్పి సాళ్లలోకి దిగాలి. ఆ మధ్య ఆ పాకలో విరేచనాలు పట్టుకొని ముగ్గురు పిల్లలు పోయారు. మూడో బిడ్డని మట్టి చేసి వచ్చిన రోజున మునియమ్మ నాతో అంది:

"అన్నా, ఇంగ నాలుగు నెలలు నా బిడ్డ ఆ పాక తొక్కకండా ఉంటే సాలు. నన్ను ఏ పనికైనా పంపనీ. మలం ఎత్తమన్నా ఎత్తుతా. బిడ్డ మాత్రం నా కాడ్నే ఉండాల."

"అలాగే అవుద్దిలే" అన్నాను. అలా అనడానికి నా దగ్గర ఏ అధికారమూ లేదు.

చలికాలం వచ్చింది, చెరకు నరుకుడు మొదలైంది. ఒకరోజు ఉదయం మేం ఉండే కూలీ లైన్ల ముందు అందరం వరసగా నిలబడి ఉండగా కులంబరు ఒక కొత్త దొరని వెంటబెట్టుకొని వచ్చాడు. కులంబరు అంటే మా మీద అజమాయిషీ చేసే తెల్లవాడు. కొత్త దొర సన్నగా, పొడుగ్గా, నీళ్లలో కొంగ నిలబడ్డట్టు నిలబడ్డాడు. గడ్డి టోపీ, కళ్లజోడు, మోకాళ్ల దాకా బురద. కూలీల మేస్త్రీ, సర్దారు రాందాస్ హిందీలో అరిచాడు: "ఈ సాహెబు చిన్న చేపల్ని వెతకడానికి వచ్చాడు. చేపల సంగతి తెలిసినవాళ్లు చేతులెత్తండి!"

అందరికంటే ముందు లేచిన చేయి నాది. "ఏడు తరాలుగా మాది చేపల వంశం సర్దార్జీ" అన్నాను. మా నాన్న వీధిబడి పంతులు, మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. అయినా ఆ పూట కత్తి పట్టకుండా తప్పించుకోవడానికి నేను మొసళ్ల వంశమని చెప్పమన్నా చెప్పేవాణ్ణి.

రెండో చేయి మునియమ్మది. ఇంకో చేత్తో పాపని పట్టుకొని ఉంది.

కులంబరు ఆమెని చూసి మూతి విరిచాడు. "దీన్ని తీసుకుపోండి. బిడ్డతో ఎలాగూ సగం పనే చేస్తుంది. మీకు పనికొస్తే వానలు పడేదాకా ఉంచుకోండి. పనికిరాకపోతే మర్నాడే వెనక్కి పంపండి, నా పొలంలో కలుపు ఎదురుచూస్తోంది."

వానలు పడేదాకా అంటే నాలుగు నెలలు. మునియమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకి నా అబద్ధం బరువెక్కింది.

మొగ వైపు నడుస్తూ ఆమె మెల్లగా అడిగింది: "అన్నా, నువ్వు ఎప్పుడన్నా చేపని పట్టినావా?"

"పట్టాను."

"యాడ?"

"పళ్లెంలో."

ఆమె నవ్విన నవ్వుకి పాప ఉలిక్కిపడి లేచింది.

చేపల దొర మంచివాడు. కలకత్తాలో కొన్నేళ్లు ఉన్నాడట, హిందీ వంకరగా వచ్చు. దారిలో తన పని గురించి చెప్పుకొచ్చాడు. పెద్ద చేపల గురించి అందరూ రాస్తారు, ఎందుకంటే వాటిని తినొచ్చు. ఏరు సముద్రంలో కలిసేచోట ఉండే వేలెడంత చేపల్ని ఎవరూ కన్నెత్తి చూడరు. అవి లేకపోతే పెద్ద చేపలు ఏం తిని పెద్దవవుతాయి? ఎక్కడ ఏ రకం ఉందో ఒక్కొక్క మొగా, ఒక్కొక్క ఉప్పునీటి కయ్యా వెతికి రాసుకుపోవాలి, ఇదీ ఆయన పని. ఆయన పడవ నిండా గాజు సీసాలు, సీసాల నిండా మంచి ఘాటైన సారా. చేపని అందులో ఊరేస్తాడు, కానీ తినడు! మా లైన్లలో మనుషులకి నెలకో చుక్క దొరకదు, ఇక్కడ చేపలు మెడదాకా మునిగి తాగుతున్నాయి. ఆ రోజు ఆ చేపల్ని చూసి నాకు కలిగిన అసూయ మాటల్లో చెప్పలేను.

ఆటు వేళకి నీళ్లు దిగిపోయాయి. మడ చెట్ల కింద బురద మెరుస్తోంది. దొర మాకు ఆ చోటు చూపించి, తాను కైవీతి పడవవాడితో ఇంకో మొగకి వెళ్లాడు, మధ్యాహ్నానికి వస్తానన్నాడు. కైవీతి అంటే ఈ నేలవాడు.

నేను గట్టు మీద నిలబడి చూశాను. ఒక చేప బురద మీద నడుస్తోంది. రెండు రెక్కల మీద, కుంటివాడు కర్రల మీద నడిచినట్టు. నడిచి నడిచి మడ వేరు ఎక్కి కూర్చుంది, నా వైపు కళ్లు తిప్పింది. "మునియమ్మా! చేప చెట్టెక్కింది!" అని కేక పెట్టాను.

"ఎక్కితే ఎక్కనీ అన్నా. దిగేటప్పుడు నిన్ను పిలస్తాదా?" అంది ఆమె. చీర గోచి పెట్టి, తాటాకు బుట్ట ఒకటి అంచు పళ్లతో పట్టుకొని, నడుం లోతు నీళ్లలోకి దిగింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది, పాపని ఏం చేయాలి? దొర వదిలి వెళ్లిన సామానులో చేపలు వేసుకునే రేకు తొట్టి ఒకటి ఉంది, గుండ్రంగా, లోతుగా. మునియమ్మ దాని అడుగున పాత గుడ్డ పరిచి, పాపని పడుకోబెట్టి, తొట్టి చెవికి తాడు కట్టి, ఆ తాడు రెండో కొస తన నడుముకి కట్టుకుంది. ఆమె ముందు, వెనకాల నీళ్ల మీద తేలుతూ తొట్టి, తొట్టిలో మడ ఆకుల సందుల్లోంచి ఆకాశాన్ని చూస్తూ చంద్రవతి.

"ఏటి మునియమ్మా, పసిగుంట మునిగిపోద్ది!" అన్నాను నేను గట్టు మీంచి.

ఆమె పళ్ల మధ్య బుట్ట ఉంది. పులికాటులో వాళ్లు అలాగే పడతారట, వల లేదు, గాలం లేదు. నీళ్లలో మోకాళ్ల మీద పోతూ రెండు చేతులూ బురదలో ఈడుస్తారు. వేళ్లకి తగిలింది రొయ్యో, పీతో, చేపో, బతికిందో, కుట్టేదో వేళ్లే చెప్పాలి. ఆ నీళ్లు చారులా చిక్కగా ఉన్నాయి, జానెడు లోతున తన చేయి తనకి కనబడదు. చెయ్యి మునిగేది, తేలేది. తేలిన ప్రతిసారీ పిడికిట్లో ఏదో గిలగిలలాడేది, తల కాస్త వంచితే బుట్టలో పడేది. రెండు గంటల్లో ఒక్కసారి కూడా ఖాళీ చెయ్యి లేవలేదు. నేను మా వీధిలో చూశాను, పుల్లలమ్మే ముసలమ్మ కళ్లు పోయాక కూడా చేత్తో తడిమి బియ్యంలో రాళ్లు ఏరేది. దానికీ దీనికీ పోలిక లేదు. రాళ్లు పారిపోవు.

ఆమె గట్టెక్కి పాపని పాలకి తీసుకుంది. బుట్టలో అరవైకి పైగా చేపలు. గాజులా లోపలి ముల్లు కనబడేవి, వెదురు కణుపుల్లా గీతలున్న సూది లాంటివి, చెంపల మీద నీలం చుక్కలున్నవి, పసుపు చారలవి, తోక మీద కన్నున్నవి. పాలు తాగుతున్న పాపతో పాటు అలిసిన తల్లికీ కునుకు పట్టింది, మడ చెట్టుకి ఆనుకొని.

ఇక నాకు పని లేదు. పని లేని చదువుకున్నవాణ్ణి మీరు ఎప్పుడూ నమ్మకండి.

నేను అనుకున్నాను: దొర మధ్యాహ్నానికి వస్తాడు. పెద్దింటికి చేపలు పంపేటప్పుడు బురదతో, పేగులతో ఎవరైనా పంపుతారా? మా అమ్మ అయితే ఒప్పుకుంటుందా? గంజి కాచుకోవడానికి పొయ్యి రాజేసుకున్నచోట బూడిద ఉంది, ఉప్పు మూట ఉంది, గరుకు రాయి ఉంది. కూర్చున్నాను. ఒక్కొక్క చేప పొట్ట గోటితో చీల్చి, పేగులు తీసి, బూడిద, ఉప్పు వేసి ఆ రాతి మీద తోమాను. ఎంత బాగా తోమానంటే, పొలుసు ఒక్కటి మిగల్లేదు. చుక్కలు పోయాయి, చారలు పోయాయి, తోక మీది కన్ను మూతబడింది. అరవై మూడు చేపలూ పెళ్లికి కడిగిన వెండి గిన్నెల్లా తెల్లగా తయారయ్యాయి. చివరికి కొంచెం పసుపు కూడా రాశాను. అరిటాకు మీద వరసగా పేర్చి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసి మురిసిపోయాను.

పడవ వచ్చింది. దొరతో పాటు కులంబరు కూడా దిగాడు, పని ఎలా ఉందో చూద్దామని.

దొర అరిటాకు ముందు వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు, శవం ముందు తీసినట్టు. "వీటి రంగులేవి?" అన్నాడు.

"కడిగేశాం దొరా" అన్నాను నేను, ఇంకా సంతోషంగానే.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఏ చేప ఏదో తెలిసేది చుక్కల వల్లా, చారల వల్లానట. సీసాలో వేయాల్సింది పొట్ట ఉన్న చేపనట. ఇప్పుడు ఇవి అరవై మూడూ ఒకేలా ఉన్నాయి, ఏది ఏ రకమో దేవుడు కూడా చెప్పలేడు.

కులంబరు గట్టిగా నవ్వాడు. "ఆడదాన్ని పంపితే వంటే చేస్తుంది మరి! ఏయ్, రేపు పొద్దున్న నువ్వు కలుపుకి రా. ఆ బిడ్డని పాకలో పడెయ్." నన్ను మాత్రం దొర దగ్గరే ఉంచుతానన్నాడు, సీసాల్లో వేసే చీటీలు రాయడానికి అక్షరం వచ్చినవాడు కావాలి కదా.

మునియమ్మ లేచి నిలబడింది. పాపని ఇంకా గట్టిగా పట్టుకుంది. నా వైపు చూడలేదు.

నేను ఒక అడుగు ముందుకు వేసి, "దొరా, తోమింది నేను. ఆమె నిద్రపోయింది. తప్పు నాది" అన్నాను.

"మగవాడు చేపలు తోముతాడా!" అని కులంబరు ఆ మాటని ఈగలా తోలేశాడు. "చెప్పింది చేయండి. రేపు కలుపుకి."

అప్పుడు మునియమ్మ నోరు విప్పింది. తెలుగులో నాతో అంది, నేను హిందీలో దొరకి చెప్పాను. నా జన్మలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఆ రోజు ఆ మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా చెప్పడమే.

"అన్నా, దొరకి జెప్పు. ఈ చేపల్ని నేను కండ్లతో పట్టినానా? బురదలో పట్టినా. బురదలో రంగు యాడ కనపడతాది? నేను వీటిని చూసిందే లేదు. చేతులకి తెలుసు. తోమినా, కడిగినా, చేతులకి ఏం మారింది? ఏది ఏదో నేను ఏరిస్తా."

దొర కళ్లజోడు తుడుచుకొని ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఆమె పాపని నా ఒళ్లో పెట్టింది. చేతులు కడుక్కుంది. కళ్లు పాప మీదే ఉన్నాయి, పాప నా గడ్డం పీకుతుంటే చూసి నవ్వుతూ ఉంది. చేతులు మాత్రం అరిటాకు మీద పని చేస్తున్నాయి. ఒక్కొక్క చేపనీ తల నుంచి తోక దాకా వేలితో ఒక్కసారి నిమిరేది, పక్కన కుప్పలో పెట్టేది. నిమురుతూ చెప్పేది: "ఇది ఈపు ముల్లు గట్టిది, వేళ్ల సందుల్లో ఉంటాది. ఇది పొట్ట కింద గిన్నె మాదిర రెక్క ఉండాది, దాంతో రాయిని కరుచుకోని ఉంటాది. ఈ సూది మాదిరది మగది. దీని పొట్ట కింద సంచి ఉండాది సూడు, గుడ్లు మొగుడే మోస్తాడు. దొరా, ఈ ఒక్క కులంలోనే మగోడు పని చేసేది."

చివరి మాట హిందీలోకి తిప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి తిప్పాను. దొర పగలబడి నవ్వాడు.

పన్నెండు కుప్పలు అయ్యాయి. దొర భూతద్దం తీశాడు, చిన్న పట్టకారు తీశాడు. ఒక్కొక్క కుప్పలో ఒక్కొక్క చేప రెక్కల్లో ముళ్లు లెక్కబెట్టాడు. రాసుకున్నాడు, మళ్లీ లెక్కబెట్టాడు. కులంబరు చుట్ట రెండుసార్లు ఆరిపోయింది. ఒక్కో కుప్ప తేలుతున్న కొద్దీ దొర మొహం పొద్దు పొడిచినట్టు విచ్చుకుంది. ఒక్క చేప కూడా తప్పు కుప్పలో లేదు.

కానీ చివర ఆగాడు. "ఈ రెండు కుప్పలూ ఒకటే. ముళ్లు ఒకటే, పొడుగు ఒకటే. పదకొండు రకాలు, పన్నెండు కావు."

"రెండు" అంది మునియమ్మ.

"ఒకటే."

"అన్నా, దొరకి జెప్పు. ఇది ఒంటరిది. ఇదేమో రొయ్యతో కాపురం ఉండేది. ఒంట్లో పట్టు వేరు. రొయ్యతో ఉండేది బొక్కలోకి ఎనక్కి దూరి దూరి తోక కాడ కండ గట్టిపడి ఉంటాది."

"చేప రొయ్యతో కాపురమా!" కులంబరు పొట్ట పట్టుకున్నాడు. "ఇక చాలు. ఇది చేపల పని కాదు, కట్టుకథల పని."

కట్టుకథల విషయంలో నాకు కొంచెం అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను, నాక్కూడా అది కట్టుకథే అనిపించింది.

దొర చాలాసేపు ఆ రెండు తెల్లని చేపల్ని అరచేతిలో పెట్టుకొని చూశాడు. "రేపు ఉదయం ఆటు వేళకి ఈమె నాకు ఆ రొయ్యని చూపించాలి" అన్నాడు. "చూపిస్తే వానలదాకా నాతోనే ఉంటుంది. చూపించలేకపోతే మీ పొలానికి మీరు తీసుకుపోండి."

లైన్లకి తిరిగి వస్తుంటే దారిలో నేను అడిగాను: "మునియమ్మా, నిజంగా ఉందా అలాంటిది? మా ఊళ్లో చేపకి రొయ్యనిచ్చి పెళ్లి చేయగా నేను వినలేదు."

"పులికాటులో ఉండాది. ఈ నీళ్లలో నేను చూళ్లేదు, ఉండాదని తోక కండ చెప్పింది. తోక అబద్ధం చెప్పదు. నోరైతే చెప్తాది" అని నా నోటి వైపు ఒక చూపు చూసింది.

మర్నాడు ఉదయం పడవ మడ చెట్లు దాటి, పగడపు దిబ్బకి లోపల పలచని ఇసుక బురద ఉన్నచోటికి పోయింది. మడల్లోని చిక్కటి నీళ్లలో ఏమీ కనబడదు, ఇక్కడ నీళ్లు అద్దంలా ఉన్నాయి, మోకాలి లోతు. కులంబరు కూడా వచ్చాడు, ఓడిపోయేవాళ్లని చూడాలని. మునియమ్మ పాదాలతో నేలని తడుముతూ ముందు నడిచింది, తొట్టి వెనకాల తేలుతోంది. ఒకచోట ఆగింది, చేయి ఎత్తింది. దొరని మోకాళ్ల మీద కూర్చోమంది. కదలొద్దంది. కులంబరుని కూడా కూర్చోమంది! తెల్లని బట్టలతో ఆయన నీళ్లలో కూర్చోవడం నేను చూశాను, ఆ ఒక్క దృశ్యానికి ఐదేళ్ల గిర్మిట్‌లో ఒక ఏడాది కొట్టేయొచ్చు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఇసుకలో వేలెడంత బొక్క ఒకటి. కాసేపటికి దాని నోట్లోంచి ఒక చేప తల బయటికి వచ్చింది. చెంపల మీద నీలం చుక్కలు, నిప్పురవ్వల్లా. అది బొక్క ముందు కూర్చుంది, కావలివాడిలా. తర్వాత దాని వెనక నుంచి ఒక రొయ్య వచ్చింది, రెండు చేతుల నిండా ఇసుక ఎత్తుకొని. బయట పోసింది, లోపలికి పోయింది, మళ్లీ ఎత్తుకొచ్చింది. తట్ట మోసే కూలీ తీరు అదే. బయట ఉన్నంతసేపూ దాని మీసం ఒకటి చేప తోక మీదే ఆనించి ఉంది. ఆ రొయ్యకి చూపు ఆనదట, దాని కళ్లు ఈ చేపే. మునియమ్మ నీళ్ల మీద తన చేతి నీడ పడేలా చేసింది. చేప తోక చటుక్కున ఆడింది. మీసానికి ఆ కబురు తగలగానే రొయ్య లోపలికి, దాని వెనకే చేప.

మునియమ్మ మెల్లగా అంది: "ఒకరు తవ్వేది, ఒకరు నిలబడి చూసేది. మన తోట మాదిరే. కాకపోతే ఈ కులంబరు మేలు. ఆపద వస్తే ముందు కూలీకి చెప్తాది."

ఆ మాట నేను తిప్పలేదు. నాకు కూడా బతకాలని ఉంటుంది కదా.

తర్వాత ఆమె చేసింది చూడాలి. మడమతో ఇసుకని నొక్కుతూ బొక్క లోపలి దారి ఎటు పోయిందో కనిపెట్టింది. ఒకచోట మడమ దింపి ఆ దారి మూసేసింది. రెండు చేతులూ గిన్నెలా చేసి బొక్క నోటి దగ్గర పెట్టింది. చేతులు లేచేసరికి అందులో చేపా ఉంది, రొయ్యా ఉంది. నిన్న నేను తోమి పారేసిన నీలం చుక్కలు దొర కళ్ల ముందు మెరుస్తున్నాయి. ఇంకో పాతిక అడుగుల అవతల ఒంటరిదాన్ని కూడా పట్టింది. అది బూడిద రంగులో ఉంది, చుక్క ఒక్కటీ లేదు. రెండు చేపలు, రెండు రకాలు. దొర ఆ రెండిటినీ చూశాడు, ఆమెని చూశాడు, నా చేతిలో పెన్సిల్ పెట్టి, "పన్నెండు అని రాయి" అన్నాడు.

కులంబరు తడిసిన బట్టలతో లేచి పడవ ఎక్కాడు. ఇచ్చిన మాట మాత్రం తప్పలేదు, ఆ మేరకు ఆయన్నీ మెచ్చుకోవాలి.

ఆ నాలుగు నెలలూ మునియమ్మ నీళ్లలోనే గడిపింది. వాయిలేవు ఏటి దగ్గర, చిన్న చిన్న వాగుల దగ్గర, దిబ్బ లోపల ఎక్కడ ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిస్తే అక్కడ. దొర ఆ రేకు తొట్టి మళ్లీ తీసుకోలేదు, పడవవాడితో దానికి మడ కొమ్మలు వంచి గొడుగు కట్టించాడు. ఆమె చెబితే నేను చీటీల మీద పేర్లు రాసేవాణ్ణి. సొంత ఊరి పేరు ఉన్నవాటికి ఆ పేరు, ఇసుకదొందు, నెత్తలి, జెల్ల. లేనివాటికి ఆమె పెట్టిన పేరు. కావలి చేప. మోత మొగుడు. అత్త మూతి. చెట్టెక్కే చేపకి నా పేరు పెట్టింది, బురదలో ఉండి ఎగిరెగిరి పడుతుందని. ఆ చీటీ నేను రాయక తప్పలేదు.

ఇక మొదట్లో నేను కొట్టిన డప్పు సంగతి. నూట నలభై మూడు రకాలు పట్టినవాణ్ణి నేనన్నాను కదా. నేను పట్టినవి రెండు. ఒకటి అప్పటికే చచ్చి తేలుతోంది. రెండోది సీసాలో వేశాక దొర భూతద్దంతో చూస్తే మడ ఆకు. అదే రోజు ఆకనుకొని నేను నీళ్లలోకి విసిరేసింది చేపట, ఆకులా వాలి ఆకులా తేలే రకం. నూట నలభై మూడో రకంగా మునియమ్మ దాన్ని మూడు రోజులు వెతికి పట్టింది. లెక్క కూడా నాది కాదు, దొరది.

మొదటి వాన పడిన వారం మా గిర్మిట్ తీరింది. చంద్రవతికి ఎనిమిదో నెల, రెండు పళ్లు. ఆ పాక గడప తొక్కలేదు. మునియమ్మ బులిలేకాలో నేల కౌలుకి తీసుకుంది. చంద్రవతి ఇప్పుడు మనవలను ఎత్తుకుంటోంది.

ఇందులో తాత కల్పించింది ఏదో చెప్పమంటారు మీరు. చెట్టెక్కిన చేప అంటారు. కాదు, ఆటు వేళకి మా ఏటి ఒడ్డున నిలబడండి, అదే వచ్చి మిమ్మల్ని చూస్తుంది. గుడ్లు మోసే మొగుడు అంటారు. కాదు. రేకు తొట్టి అంటారు. అది చంద్రవతి ఇంటి వెనక ఇప్పటికీ ఉంది, కోళ్లకి అందులోనే నీళ్లు.

నేను కల్పించింది ఒక్క మాట. "దొరా, తోమింది నేను" అన్నానని రాశాను చూడండి, అదీ. దాంతో పాటు కులంబరు ఇచ్చిన జవాబూ. నేను అనలేదు. తల దించుకొని గోళ్ల సందుల్లో బూడిద గీరుకుంటూ కూర్చున్నాను, చీటీల పని పోతుందేమోనని. కావాలంటే ఆ నాలుగు వాక్యాలు తీసేసి మళ్లీ చదవండి, కథ ఎక్కడా తెగదు. మునియమ్మ గెలవడానికి నా మాట అవసరమే పడలేదు. అందుకే దాన్ని అక్కడ దూర్చడం అంత తేలికైంది.

ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. నాతోనూ అనలేదు. పోయేదాకా, నేను బులిలేకా వెళ్లినప్పుడల్లా చిన్న చేపల పులుసు పెట్టి, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి, మెల్లగా అడిగేది:

"అన్నా, బూడిద సరిపోయిందా?"